నాలుగు రంగుల లెక్క – 4వ భాగం: కెంపే గొలుసు

మన లెక్క ఇది: ఏ పటంలోనైనా సరిహద్దు పంచుకునే ప్రాంతాలకి ఒకే రంగు పడకుండా నాలుగు రంగులతో సరిపెట్టొచ్చా? ప్రాంతాన్ని చుక్కగా (శీర్షం), సరిహద్దు పంచుకునే రెండింటి మధ్య గీతగా (అంచు) గీస్తే వచ్చే బొమ్మే గ్రాఫ్; గీతతో కలిసిన చుక్కలకి ఒకే రంగు రాకూడదు. పోయిన భాగంలో ఆయిలర్ సూత్రం నుంచి ఒక సంగతి రాబట్టాం. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా, ప్రతి ముక్కా (బయటిది కూడా) త్రిభుజమే అయ్యేలా గీసిన గ్రాఫ్‌లో n శీర్షాలుంటే అంచులు సరిగ్గా 3n − 6. అందుకే డిగ్రీ (శీర్షాన్ని తాకే అంచుల సంఖ్య) 5కి మించని శీర్షం ఒక్కటైనా ఉండి తీరుతుంది. ఇప్పుడు దాన్ని తీసేసి, మిగతా గ్రాఫ్‌కి నాలుగు రంగులు వేశామనుకుందాం. తీసినదాన్ని మళ్లీ పెడితే దానికి రంగు మిగులుతుందా? డిగ్రీ 3 అయితే నాలుగో రంగు ఎలాగూ ఖాళీ. చిక్కంతా 4 దగ్గర మొదలవుతుంది.

కాగితం మధ్యలో మ, దాని చుట్టూ వరసగా క (పైన), చ (కుడి), ట (కింద), త (ఎడమ) పెట్టండి. మ నుంచి నాలుగింటికీ, చుట్టూ పక్కపక్కవాటికీ గీతలు గీయండి. చివరగా క నుంచి ట దాకా, చ బయటినుంచి తిప్పి ఒక గీత. మొత్తం 5 శీర్షాలు, 9 అంచులు: 3 × 5 − 6 సరిపోయింది. క ఎరుపు, చ నీలం, ట ఆకుపచ్చ, త పసుపు. స్కెచ్ పెన్నులు వద్దు, పెన్సిల్‌తో ఎ, నీ, ఆ, ప అని రాసుకోండి, చెరపాల్సి వస్తుంది.

మ చుట్టూ నాలుగు రంగులూ అయిపోయాయి. ఇప్పుడు క దగ్గర మొదలుపెట్టి ఎరుపు, ఆకుపచ్చ శీర్షాల మీదుగానే నడవండి. అలా చేరగలిగినవన్నీ కలిపి ఒక గొలుసు. అందులో ట లేకపోతే గొలుసంతా ఎరుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ ఎరుపు చేసేస్తే మ ఎరుపు తీసుకుంటుంది. కొత్తవాళ్లు క ఒక్కదాని రంగే మార్చి ఆగిపోతారు, దాంతో పక్కనున్న ఆకుపచ్చతో గొడవ. మారిస్తే గొలుసు మొత్తం మార్చాలి.

మన బొమ్మలో మాత్రం బయటి గీత వల్ల ట కూడా గొలుసులో పడింది. ఫరవాలేదు. క–ట దారి, మ కలిసి ఒక కంచె అయింది: చ లోపల, త బయట. చ నుంచి బయల్దేరే నీలం–పసుపు గొలుసు త దాకా పోవాలంటే కంచె దాటాలి. గీతలు దాటకూడదు, కంచె మీది శీర్షాలేమో ఎరుపు, ఆకుపచ్చ. కాబట్టి చ వైపు గొలుసు తిప్పేయొచ్చు. ఇక్కడ ఆ గొలుసు చ ఒక్కటే. చ పసుపు, మ నీలం. గ్రాఫ్ సమతలం మీద ఉండటం ఈ వాదనలో పనికొచ్చింది ఈ కంచె దగ్గరే.

లండన్ బారిస్టర్ ఆల్ఫ్రెడ్ కెంపే 1879లో అచ్చువేసిన ఎత్తు ఇది. డిగ్రీ 5కి ఆయన రెండు గొలుసులు ఒకేసారి తిప్పాడు. విడివిడిగా రెండూ సరైనవే. కానీ మొదటిది తిప్పగానే రెండోది రూపు మారిపోవచ్చు. 1890లో ఇంగ్లిష్ గణితవేత్త హీవుడ్ 25 ప్రాంతాల పటం గీసి ఈ లోపం చూపించాడు. దీన్ని ‘తప్పు నిరూపణ’ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు: అదే గొలుసుతో హీవుడ్ ఐదు రంగులు చాలని నిరూపించాడు, 1976లో గణితవేత్తలు అపెల్, హాకెన్ కంప్యూటర్‌తో నాలుగు రంగుల సిద్ధాంతం తేల్చినప్పుడూ ఈ గొలుసునే వాడారు.

వచ్చే భాగానికి ముందు ఇది చేయండి. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ ఐదింటి వలయం, దాని చుట్టూ మరో ఐదింటి వలయం, అన్నిటికీ బయట ఒకటి. నడి చుక్కని లోపలి వలయానికి, బయటి చుక్కని బయటి వలయానికి కలపండి. లోపలి వలయంలో ప్రతి చుక్కనీ బయటి వలయంలో పక్కపక్కనున్న రెండింటితో కలపండి. 12 శీర్షాలు, 30 అంచులు, అన్నీ డిగ్రీ 5. నడి చుక్క తీసేసి, దాని ఐదుగురు పొరుగువాళ్లకూ కలిపి నాలుగు రంగులూ వచ్చేలా రంగులేయండి. తర్వాత ఒకే ఒక్క గొలుసు తిప్పి నడి చుక్కకి చోటు దొరుకుతుందేమో చూడండి.