అడవి పెసరతో సంకరం – 4వ పాఠం: పొట్టు తల్లిది, పప్పు బిడ్డది

పోయిన పాఠం చేసి చూసినవాళ్లలో చాలామందిది ఒకే ఫిర్యాదు: "సంకరం మొక్క గింజల మీద పుచ్చుపురుగు వదిలితే పావువంతు గింజలు పుచ్చాయి, సంకరం చెడినట్టుంది." చెడలేదు. ఆ పావువంతు పుచ్చాల్సిందే.

మడగాస్కర్ నుంచి వచ్చిన 'టీసీ 1966' అనే అడవి పెసర రకానికి పురుగును చంపే గుణం పప్పులో ఉంది. దాన్ని నడిపేది ఒకే బహిర్గత జన్యువు (జతలో ఒక్కటి ఉన్నా గుణం కనిపిస్తుంది). సాగు పెసర రకం ఎల్‌జీజీ 460 పువ్వుకు అడవి పుప్పొడి అంటిస్తే వచ్చే గింజ అచ్చం తల్లి గింజలాగే ఉంటుంది, ఎందుకంటే పొట్టు తల్లిది. పప్పు మాత్రం ఎఫ్1, అంటే సంకరం మొదటి తరం. దాన్ని విత్తితే ఎఫ్1 మొక్క. ఆ మొక్క కాయల్లోని పప్పు ఎఫ్2, అంటే రెండో తరం! గింజ ఎప్పుడూ తానున్న మొక్క కంటే ఒక తరం ముందుంటుంది. పొట్టు అన్నిటికీ ఒకే తీరు కాబట్టి కంటికి తేడా తెలియదు. లోపల మూడు పాళ్లు తట్టుకునేవి, ఒక పాలు పుచ్చేవి. సంచి మీద "ఎఫ్1 గింజలు" అని రాయడం ఇవాళే మానండి. "ఎఫ్1 మొక్క మీది ఎఫ్2 గింజలు" అని పూర్తిగా రాయండి. ఈ ఒక్క చీటీ తప్పు వల్ల పంటకాలాలు పోతాయి.

పరీక్షలో గుడ్లు లెక్కపెట్టకండి. తట్టుకునే గింజ మీదా ఆడపురుగు గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోయి పప్పు తిన్నాకే చస్తుంది. లెక్కించాల్సింది పురుగు బయటికి వచ్చిన రంధ్రాలు. 100 గింజలకు 5 జతల పురుగులు, రెండు రోజులు చాలు (దువ్వెన మీసాలది మగది). గింజకు రెండు గుడ్లు ఉంచి మిగతావి సూదితో గీకేయండి. గుడ్డే పడని గింజకు రంధ్రం ఎలా పడుతుంది? దాన్ని లెక్కలోంచి తీసేయండి. 30 డిగ్రీల దగ్గర నెలకు పురుగులు వస్తాయి. నేను 45 రోజులు ఆగమంటాను.

తిరుగు సంకరంలో (సంకరం మొక్కను మళ్లీ మళ్లీ సాగు రకంతోనే కలపడం) సాగు రకాన్నే తల్లిగా పెట్టండి. గింజల్లో సగం తట్టుకుంటాయి, వాటినే విత్తి మళ్లీ కలపండి. మూడు విడతలకు అడవి వాటా సగటున 6.25 శాతానికి దిగుతుంది. కాయ పగిలి రాలడం, తీగ పాకడం వదలాలంటే అంతవరకూ పోవాలి.

అభ్యాసం: రంధ్రం పడని ఎఫ్2 గింజలు 30 విత్తండి. ప్రతి మొక్క నుంచి గుడ్డు పడ్డ గింజలు 20 చొప్పున విడివిడిగా పరీక్షించండి. ఒక్కటీ పుచ్చని మొక్కలు దాదాపు పది రావాలి. 20కి బదులు 5 గింజలే చూస్తే, కలగాపులగపు మొక్క (తట్టుకునేవీ పుచ్చేవీ రెండూ కాసేది) శుద్ధమైనదిగా (అన్నీ తట్టుకునేవే కాసేది) తప్పించుకునే అవకాశం ఎంతో లెక్కగట్టి చీటీ మీద రాసిపెట్టండి.