నాస్‌లో ఉన్న బ్యాకప్‌తో విండోస్‌ని తిరిగి తెచ్చుకోవడం ఎలా

విండోస్ ఎంతకీ ఆన్ అవ్వట్లేదు, కానీ సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్క్ మొత్తానికీ తీసిన బ్యాకప్) నాస్‌లో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టెలో, భద్రంగా ఉంది అంటే సగం టెన్షన్ తీరినట్టే. రిస్టోర్ మొదలైతే దాని పని అదే చేసుకుపోతుంది, ఇబ్బందంతా అంతకుముందే, రికవరీ స్క్రీన్ నుంచి ఆ నాస్ కనపడేలా చేయడంలోనే.

దానికంటే ముందు ఒక విషయం చూసుకోండి. రిస్టోర్ చేస్తే డిస్క్‌లో ఇప్పుడున్నదంతా చెరిగిపోయి, బ్యాకప్ తీసిన రోజు ఉన్నదే తిరిగొస్తుంది. ఆ తర్వాతి ఫైళ్లు కావాలంటే పాత డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి కాపీ చేసుకోండి (బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళం, ఉంటే రికవరీ కీ అడుగుతుంది), లేదా కొత్త డిస్క్ కొని దాని మీదే రిస్టోర్ చేయండి. నన్నడిగితే రెండోదే మేలు, కాకపోతే కొత్తది సైజులో పాతదానికంటే చిన్నది కాకూడదు, లోపల డేటా కొంచెమే ఉన్నా సరే.

వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని విండోస్ ఇన్‌స్టాల్ డ్రైవ్‌గా తయారుచేసుకోండి, అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. పాత విండోస్ యూఈఎఫ్ఐలో (పాత బయోస్ బదులు వచ్చిన బూట్ పద్ధతి) నడిచి ఉంటే దీన్నీ యూఈఎఫ్ఐలోనే బూట్ చేయాలి, లేకపోతే రిస్టోర్ ఎర్రర్ ఇస్తుంది.

వైఫై మీద ఆశ పెట్టుకోకండి, ల్యాన్ కేబుల్ పెట్టండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాక, రిపేర్ ఆప్షన్‌లోంచి ట్రబుల్‌షూట్‌కి వెళ్లి ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డబ్ల్యూపీఈఇనిట్ (wpeinit) కొట్టండి, నెట్‌వర్క్ మొదలవుతుంది. తర్వాత ఐపీకాన్‌ఫిగ్ (ipconfig) కొడితే అసలు ఏ అడాప్టరూ కనపడకపోతే డ్రైవర్ లేదన్నమాట, 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తే రూటర్ నుంచి ఐపీ రాలేదన్నమాట, కేబుల్ చూడండి. డ్రైవర్‌ని ఈఎక్స్‌ఈగా కాకుండా విప్పిన ఐఎన్ఎఫ్ (.inf) ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటేనే పనికొస్తుంది. నాస్‌ని పింగ్ చేసి (ping, పక్కనే నాస్ ఐపీ అడ్రస్ కొట్టి) జవాబు వచ్చాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు సిస్టమ్ ఇమేజ్ రికవరీ, అందులో సెలెక్ట్ ఎ సిస్టమ్ ఇమేజ్, అడ్వాన్స్‌డ్, ఆపై నెట్‌వర్క్‌లో వెతికే ఆప్షన్ (డ్రైవర్ ఎక్కించే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది, డ్రైవర్ లేనివాళ్లు పింగ్ కంటే ముందు ఇక్కడికొచ్చి అది ఎక్కించుకోవాలి). అడ్రస్ \\192.168.1.20\బ్యాకప్ లాగా ఐపీతోనే ఇవ్వండి, పేరుతో ఇస్తే చాలాసార్లు 0x80070035 ఎర్రర్ వస్తుంది. యూజర్‌నేమ్ ఒప్పుకోకపోతే ముందు నాస్ పేరు, బ్యాక్‌స్లాష్ పెట్టి ఇచ్చి చూడండి. విండోస్ఇమేజ్‌బ్యాకప్ (WindowsImageBackup) ఫోల్డర్ మీరిచ్చిన అడ్రస్‌లో నేరుగా ఉండాలి, మరో ఫోల్డర్ లోపల ఉన్నా, పేరు మార్చి ఉన్నా దొరకదు.

ఇమేజ్ తేదీ సరిచూసుకుని, కొత్త డిస్క్ అయితే ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ టిక్ చేయండి. మిగతా డిస్క్‌లు ఉంటే ముందే కేబుల్ పీకేయడం మంచిది. 200 జీబీకి గిగాబిట్ నెట్‌వర్క్‌లో కనీసం అరగంట, 100 ఎంబీపీఎస్ పోర్ట్ అయితే దాదాపు ఐదు గంటలు పడుతుంది. బార్ కదలట్లేదని మధ్యలో ఆపకండి.

విండోస్ వచ్చాక అప్‌డేట్లు చేసి, బిట్‌లాకర్ మళ్లీ ఆన్ చేసుకోండి. కొత్త బ్యాకప్ నాస్‌లో అదే ఫోల్డర్‌లోకి తీస్తే పాతదాని మీద రాసేస్తుంది, అందుకని అంతకుముందే పాత ఫోల్డర్‌ని వేరేచోట కాపీ చేసి ఉంచండి.