కాలనీలో ఉగాది సాయంత్రం: పిల్లలూ పెద్దలూ కలిసి ఎలా జరుపుకోవాలి?

ఉగాదికి ఏదో ఒకటి చేద్దామని ప్రతి కాలనీలోనూ అనుకుంటారు. పండక్కి వారం ముందు వాట్సాప్ గ్రూపులో మాట మొదలవుతుంది, ఎవరో షామియానాకి ఫోన్ చేస్తారు, ఇంకొకరు సౌండ్ బాక్సులు మాట్లాడతారు, చివరికి నాలుగు సినిమా పాటలకు డాన్సులు, గంటసేపు ప్రసంగాలు, తర్వాత భోజనాలు. అవి సరదాగానే ఉంటాయి, కాదనను. కానీ వినాయక చవితికీ అవే, న్యూ ఇయర్‌కీ అవే. ఉగాదికి మాత్రమే కుదిరేవి మనకి ఉన్నాయి: పచ్చడి, పంచాంగం, పద్యం. వాటిని పిల్లల చేతే చేయిస్తే వేదిక ముందు కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్ళ కంటే పనిలో ఉన్నవాళ్ళు ఎక్కువవుతారు, ఆ సాయంత్రం వాళ్ళు నేర్చుకున్నది గుర్తుంటుంది. నేను గట్టిగా నమ్మేది అదే, కింద రాసినవన్నీ దానికోసమే.

ముందు తేదీ, పరీక్షల సంగతి

ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. మార్చిలో వచ్చిందంటే టెన్త్ పరీక్షల మధ్యలో పడే అవకాశం ఎక్కువ, 2026లో అలాగే జరిగింది. అప్పుడు టెన్త్ పిల్లలున్న ఇళ్ళను ఏ పనీ అడగొద్దు, వాళ్ళ ఇంటి వైపు స్పీకర్ తిప్పొద్దు. పండగ రోజు పొద్దున ఎవరి ఇంట్లో పూజ వాళ్ళకి ఉంటుంది, అందుకని కార్యక్రమం సాయంత్రం ఐదున్నరకి పెట్టుకుని ఎనిమిదిన్నరకల్లా ముగించండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఎలాగూ దగ్గర్లోని శనివారానికి జరుపుతారు, మారిషస్‌లో అయితే ఉగాదికి ప్రభుత్వ సెలవే ఉంది.

పనులు మొదలుపెట్టడానికి మూడు వారాలు చాలు. నలుగురైదుగురు పెద్దవాళ్ళు, పది మంది దాకా పిల్లలు. ఎవరు ఏం చేస్తారో ఒక పేపర్ మీద రాసి లిఫ్ట్ దగ్గరో గుడి దగ్గరో అంటించండి, గ్రూపులో పెట్టిన మెసేజ్ గంటలో పైకి వెళ్ళిపోతుంది.

పచ్చడి: కలిపే పని పిల్లలది

పండక్కి ముందు రోజు సాయంత్రం పిల్లల్ని వేప చెట్టు దగ్గరికి తీసుకెళ్ళండి. మెయిన్ రోడ్డు పక్కన దుమ్ము పట్టిన చెట్టు వద్దు, లోపల ఎక్కడైనా ఉన్నది చూడండి. కింద పాత చీరో దుప్పటో పరిచి కొమ్మ మెల్లగా ఊపితే పువ్వు రాలుతుంది. దాన్ని అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే కాడలు వేరవుతాయి. చేటతో చెరగడం ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు, ఎవరైనా అమ్మమ్మని పిలిచి చూపించమనండి, ఆ పది నిమిషాలూ పిల్లలు కదలరు.

చిన్న గ్లాసుల్లో వంద మందికి అయితే ఆరు లీటర్ల నీళ్ళు, 300 గ్రాముల చింతపండు, రెండు కేజీలకు కాస్త తక్కువ బెల్లం, మోస్తరు మామిడికాయలు ఆరో ఏడో, రెండు గుప్పెళ్ళ వేప పువ్వు, తగినంత ఉప్పు, కారానికి మిరియాల పొడో సన్నగా తరిగిన పచ్చిమిర్చో. చింతపండు ముందే నానబెట్టి పులుసు తీసి, అందులో బెల్లం కరిగించి వడకట్టండి, బెల్లంలో ఇసుక ఉంటుంది. మామిడి ముక్కలు, వేప పువ్వు వడ్డించే ముందే వెయ్యాలి, ఆ ఎండలకి పొద్దున కలిపి సాయంత్రం దాకా ఉంచితే పులిసిపోతుంది. కొత్త కుండలో కలిపితే ఇంకా బాగుంటుంది, లేదా స్టీలు గిన్నె. పులుపు ఉంది కాబట్టి అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి వద్దు.

తెలంగాణ ఇళ్ళలో పచ్చడి తాగేలా పల్చగా చేస్తారు, కోస్తాలో చాలామంది గట్టిగా, అరటిపండు ముక్కలు, కొబ్బరి వేసి చేస్తారు. కాలనీలో రెండు రకాల వాళ్ళూ ఉంటే రెండు కుండలు పెట్టండి, ఏది అసలైనదన్న చర్చ మాత్రం పెట్టకండి. ఆరు గిన్నెల్లో ఆరు రుచులు విడివిడిగా పెట్టి, ఆరుగురు చిన్న పిల్లల్ని ఒక్కో గిన్నె దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ళకి ఏది ఏ రుచో చెప్పించండి. వగరు దగ్గర అందరూ ఆగిపోతారు, అది లేత మామిడికాయ తొక్కలో తగులుతుందని ఆ పిల్లే చెప్పాలి.

పంచాంగ శ్రవణం: వినడం కంటే చూడటం

దీనికి కాస్త ఎక్కువ తయారీ కావాలి, పడిన శ్రమకి తగ్గ ఫలితం కూడా ఇక్కడే కనిపిస్తుంది. మామూలుగా పంతులుగారు గంట చదువుతారు, తమ రాశి వచ్చినప్పుడు మాత్రం అందరూ చెవులు రిక్కిస్తారు, పిల్లలు ఎప్పుడో లేచి వెళ్ళిపోయి ఉంటారు. వారం ముందే పంతులుగారిని కలిసి చెప్పండి: "గురువుగారూ, మీకు ఇరవై నిమిషాలు, దానికి ముందు పిల్లలు పావుగంట తిథి అంటే ఏంటో చూపిస్తారు, మీరు పక్కనుండి సరిచూడాలి." ఇలా అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

చూపించే పద్ధతి చెప్తాను. నేల మీద ముగ్గుతో పెద్ద గుండ్రం గీసి ముప్ఫై భాగాలు చెయ్యండి. మధ్యలో ఒకరు భూమి. గీత మీద ఒకరు సూర్యుడు, ఒకరు చంద్రుడు. ఇద్దరూ ఒకే చోట నిలబడితే అమావాస్య పూర్తయినట్టు. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడు రోజుకి దాదాపు ఒక డిగ్రీ కదులుతాడు, చంద్రుడు దాదాపు పదమూడు. అంటే రోజుకి పన్నెండు డిగ్రీల చొప్పున చంద్రుడు ముందుకు పోతాడు, ఆ పన్నెండు డిగ్రీల ఎడమే ఒక తిథి. 360ని 12తో భాగిస్తే 30, అందుకే గుండ్రంలో ముప్ఫై భాగాలు. ఎదురెదురుగా నిలబడితే పౌర్ణమి. ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ లెక్క చక్కగా వస్తుంది.

తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: తిథి పొద్దున మొదలవకుండా మధ్యాహ్నమో అర్ధరాత్రో ఎందుకు మారుతుంది? చంద్రుడి వేగం అన్ని రోజులూ ఒకేలా ఉండదు, అందుకని ఒక తిథి ఇరవై గంటల్లోనూ అయిపోవచ్చు, ఇరవై ఆరు గంటలూ సాగొచ్చు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి ఆ తిథి అని లెక్క. దీనికి 2026 ఉగాది మంచి ఉదాహరణ. మార్చి 19 సూర్యోదయానికి ఇంకా అమావాస్యే ఉంది, కాసేపటికి పాడ్యమి మొదలై, మర్నాడు సూర్యోదయానికి ముందే అయిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకలేదు, అయినా పాడ్యమి ఆ రోజులోనే ఉంది కాబట్టి పండగ ఆ రోజే. ఇలాంటి దాన్నే క్షయ తిథి అంటారు. క్యాలెండర్లో ఎప్పుడూ చూసే ఆ మాట వెనక ఇంత సంగతి ఉందని తెలిసినప్పుడు పెద్దవాళ్ళ ముఖాలు కూడా వెలుగుతాయి.

తిథి ఒక్కటి ఇలా వివరంగా చూపిస్తే చాలు, పంచాంగంలోని ఐదింటిలో మిగతా నాలుగూ, అంటే వారం, నక్షత్రం, యోగం, కరణం, పంతులుగారు రెండు మాటల్లో చెప్తారు. నవనాయకుల దగ్గర, అంటే ఆ ఏడాదికి రాజు, మంత్రి లాంటి తొమ్మిది పదవులు ఏ గ్రహాలవో చెప్పే చోట మాత్రం, పిల్లలకి ఒక చిన్న పని ఇవ్వొచ్చు: ఉగాది ఏ వారం వస్తే ఆ వారానికి అధిపతి ఆ ఏడాది రాజు. 2026లో గురువారం, కాబట్టి గురుడు. 2027లో బుధవారం, కాబట్టి బుధుడు. సూర్యుడు మేషంలోకి వచ్చిన రోజు వారాధిపతి మంత్రి, 2026లో అది ఏప్రిల్ 14, మంగళవారం, కుజుడు. ఇంత తెలిస్తే వాళ్ళే వచ్చే ఏడాదికి లెక్క వేసుకుంటారు.

అరవై సంవత్సరాల పేర్లు ఒక పెద్ద చార్టు మీద రాయించి గోడకి పెట్టండి. వచ్చిన ప్రతి ఒక్కరూ తమ పేరు తాము పుట్టిన సంవత్సరం పక్కన రాయాలి. జనవరి నుంచి ఉగాది దాకా పుట్టినవాళ్ళు అంతకు ముందు ఏడాది పేరులోకి వస్తారు, ఇది చాలామంది మర్చిపోతారు, చార్టు పక్కన ఉన్న పిల్లాడు గుర్తు చెయ్యాలి. 1967 ఉగాదికీ 1968 ఉగాదికీ మధ్య పుట్టినవాళ్ళది ప్లవంగ, 2027లో మళ్ళీ అదే వస్తుంది. అలాంటివాళ్ళని ముందుకి పిలిచి తొలి గ్లాసు పచ్చడి వాళ్ళకి ఇవ్వండి.

రాశి ఫలాల గురించి ఒక మాట. ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం, అవమానం అంకెలు మైకులో చదివితే పెద్దవాళ్ళు నవ్వుకుని వదిలేస్తారు, కానీ పరీక్ష రాసి వచ్చిన పిల్ల తన రాశికి అవమానం ఎక్కువని విని రాత్రంతా టెన్షన్ పడుతుంది. అవి మైకులో వద్దనే నా అభిప్రాయం. కావాలంటే కాగితం మీద రాసి ఒక పక్కన పెట్టండి, చూసుకునేవాళ్ళు చూసుకుంటారు.

చిన్న అవధానం

కవి సమ్మేళనం పెడితే కవిత్వం రాసే నలుగురే మాట్లాడతారు. దాని బదులు పిల్లలతో అవధానం లాంటి ఆట ఆడించండి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు ఉంటారు, మధ్యలో కూర్చున్న అవధాని అందరికీ జవాబు చెప్పాలి, మనకి నలుగురు చాలు. మధ్యలో ఇద్దరు పిల్లలు జంటగా కూర్చుంటారు, ఒక్కరైతే భయపడతారు.

ఒకరు దత్తపది ఇస్తారు, అంటే నాలుగు మాటలు ఇచ్చి వాటితో నాలుగు పాదాలు చెప్పమంటారు. అమ్మ, బస్సు, మామిడి, వాన, ఇలా రోజూ వాడే మాటలే ఇవ్వండి. ఛందస్సు అడగొద్దు, వచనంలో చెప్పినా సరే. ఇంకొకరు నిషిద్ధాక్షరి: ఒక నిమిషం పాటు "ర" అక్షరం రాకుండా తమ బడి గురించి మాట్లాడాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది, మాట్లాడి చూడండి, ఎన్ని మాటలు తడుముకోవాలో తెలుస్తుంది. మూడో వాళ్ళు గంటలు కొడతారు, మధ్య మధ్యలో, ఎవరూ గమనించనప్పుడు, చివర్లో ఎన్నిసార్లు కొట్టారో మధ్యలో కూర్చున్న జంట చెప్పాలి. నాలుగో వాళ్ళది అప్రస్తుత ప్రసంగం, ఆలోచిస్తుంటే అడ్డంపడి "మీ ఇంట్లో ఇవాళ బొబ్బట్లు ఎన్ని చేశారు?" అని అడగడం. ఈ పని కాలనీలో బాగా మాట్లాడే బాబాయికి అప్పగించండి.

దీనితో పాటు పద్యాలు వచ్చిన పిల్లలు తలా ఒక శతక పద్యం చదివి, దానికి తమ మాటల్లో అర్థం చెప్తే చాలు. ఫస్ట్, సెకండ్ ప్రైజులు వద్దు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం ఇవ్వండి, కప్పులూ మెమెంటోల ఖర్చుతో అంతమందికీ వస్తాయి.

డబ్బు మిగిలితే కళాకారుల్ని పిలవండి

హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, మీ దగ్గర్లో ఏది బతికి ఉంటే అది. తోలుబొమ్మలాట అయితే శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట పేరున్న ఊరు, అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలకి తెల్లటి తెర, వెనక దీపం, ముందు చీకటి కావాలి, అంటే పొద్దు గూకాకే మొదలుపెట్టాలి, చుట్టుపక్కల వీధి లైట్లు ఎలా ఆపాలో ముందే చూసుకోవాలి. బృందాన్ని మధ్యాహ్నమే రమ్మని, మేక తోలు మీద రంగులు ఎలా వేస్తారో పిల్లలకి చూపించమని అడగండి. దానికి విడిగా డబ్బు ఇవ్వండి, ప్రయాణం, భోజనం, బస కూడా మీదే. వాళ్ళతో బేరం ఆడటం నాకు అస్సలు నచ్చదు, సౌండ్ బాక్సులకి అడిగినంత ఇచ్చి కళాకారుడి దగ్గర వెయ్యి తగ్గించమనడం న్యాయం కాదు.

మైకు, నీళ్ళు, లైబ్రరీ

లౌడ్‌స్పీకర్ పెడితే ముందుగా అనుమతి తీసుకోవాలి, పోలీస్ స్టేషన్లో అర్జీ ఎలా ఇవ్వాలో అడగండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, ఇళ్ళున్న చోట పగటి పరిమితి 55 డెసిబెల్స్. వంద మందికి ఒక చిన్న స్పీకర్ సరిపోతుంది.

రెండు కుండల నీళ్ళు, ఒక కుండ మజ్జిగ, స్టీలు గ్లాసులు. వీలైతే ఆ కుండల్ని పండగయ్యాక తీసెయ్యకుండా గేటు బయట చలివేంద్రంలా ఎండాకాలమంతా ఉంచండి, రోజూ నీళ్ళు మార్చే పని వంతుల వారీగా.

మీ దగ్గరి ప్రభుత్వ శాఖా గ్రంథాలయానికి తప్పకుండా వెళ్ళండి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతున్నాం, అది మన లైబ్రరీయే. లైబ్రేరియన్ గారిని సాయంత్రానికి పిలిచి సభ్యత్వం ఫారాలు తెమ్మనండి, ఒక బల్ల వేసి ఇవ్వండి. ఆ పక్కనే ఇంకో బల్ల మీద ఇళ్ళల్లో చదివేసిన పుస్తకాలు: ఒకటి పెట్టి ఒకటి తీసుకోవచ్చు. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం, ఆ రోజు సాయంత్రం పిల్లల్ని లైబ్రరీకి నడిపించుకు వెళ్ళే కార్యక్రమం ఇక్కడే ప్రకటించండి.

ఇంకొకటి: కాలనీలో డెబ్బై దాటిన ఇద్దరు ముగ్గుర్ని ముందే అడిగి, తమ చిన్నప్పుడు ఉగాది ఎలా ఉండేదో, ఈ చోటు ఇళ్ళు కట్టక ముందు ఏముండేదో తలా పది నిమిషాలు చెప్పమనండి. ప్రశ్నలు పిల్లలే అడగాలి. వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డ్ చెయ్యండి, మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ పెట్టి వాళ్ళ ఇంటివాళ్ళకి ఒక కాపీ పంపండి.

మర్నాడు వచ్చిన చందా, అయిన ఖర్చు పైసలతో సహా రాసి అదే గోడ మీద అంటించండి. మిగిలిన డబ్బుకి వచ్చే ఏడాది కొత్త కుండలు వస్తాయి. అరవై సంవత్సరాల చార్టు మాత్రం చుట్టి ఎవరింట్లోనైనా జాగ్రత్తగా దాచండి, వచ్చే ఉగాదికి కొత్తగా వచ్చినవాళ్ళు, కొత్తగా పుట్టినవాళ్ళు పేర్లు రాయాలి.