మత్తు పుట్టగొడుగులు తిన్నవారికి తోడుగా ఉండడం: తొలి గంటల నుంచి కోలుకునే వరకు

కొడైకెనాల్ వంటి కొండ ప్రాంతాలకు విహారానికి వెళ్లే కుర్రవాళ్లకు పుట్టగొడుగులను తేనెలో ఊరవేసి చాటుమాటుగా అమ్మడం చాలాకాలంగా సాగుతోంది. స్నేహితుల బలవంతం మీదో, కుతూహలం కొద్దో వాటిని తిన్న పిల్లవాడు అర్ధరాత్రి గదిలో వణికిపోతుంటే పక్కనున్నవారు ఏం చేయాలో తెలియక ఎక్కువ పొరపాట్లు చేస్తారు. ఈ వ్యాసం వారి కోసం.

ఈ పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ అనే మత్తు పదార్థం శరీరంలో సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలపై పనిచేస్తుంది. సాధారణంగా తిన్న గంటలోపే మొదలయ్యే ప్రభావం 4 నుంచి 6 గంటల పాటు ఉంటుంది. కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, వికారం కలుగుతుంది. గోడలు కదులుతున్నట్టు, కాలం ఆగిపోయినట్టు అనిపిస్తుంది. కొందరికి ఇది ఆనందంగా ఉండవచ్చు గాని, మరికొందరికి చచ్చిపోతున్నామనే భయం, అందరూ తమపై కుట్ర పన్నుతున్నారనే అనుమానం ముంచుకొస్తాయి.

అలాంటి స్థితిలో ఉన్నవారితో వాదించకూడదు. వారికి కనిపిస్తున్నది అబద్ధమని నిరూపించే ప్రయత్నం భయాన్ని పెంచుతుంది. వెలుతురు తగ్గించి, సంగీతం ఆపి, గుమిగూడిన వారిని బయటికి పంపి, వారికి నమ్మకమున్న ఒక్కరు పక్కన కూర్చుని, "నువ్వు తిన్నదాని వల్ల ఇలా అనిపిస్తోంది, కొన్ని గంటల్లో తగ్గుతుంది, నేను ఇక్కడే ఉంటాను" అని అదే మాటను నెమ్మదిగా ఎన్నిసార్లయినా చెప్పాలి. బాల్కనీ, మేడ, రోడ్డు, వాహనం తాళాలు వారికి అందకుండా చూడాలి. నిమ్మరసమో మజ్జిగో పట్టిస్తే మత్తు విరిగిపోతుందని నమ్మి బలవంతంగా తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలూ ఇవ్వవద్దు. దయ్యం పట్టిందని భూతవైద్యుల దగ్గరికి తీసుకుపోయి విలువైన గంటలు పోగొట్టుకోవద్దు.

మూర్ఛ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, తనను గానీ ఇతరులను గానీ గాయపరచుకునేలా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. బైపోలార్ రుగ్మతకు (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) లిథియం అనే మందు వాడుతున్నవారికి మూర్ఛ ముప్పు ఉంటుంది కనుక, వారి మందుల వివరాలు వైద్యులకు మొదటే చెప్పాలి.

ఇంకొక ప్రమాదం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. అమ్మేవాడు ఇచ్చింది నిజంగా ఏ జాతిదో కొన్నవారికి తెలియదు, అడవిలో స్వయంగా ఏరుకున్నవారికి అంతకన్నా తెలియదు. ప్రాణాంతకమైన కుక్కగొడుగులు కొన్ని తిన్న వెంటనే ఏ బాధా చూపవు. సుమారు 6 నుంచి 12 గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఒక రోజు తర్వాత తగ్గినట్టే అనిపిస్తాయి, కాని అప్పటికే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కాబట్టి ఆలస్యంగా వాంతులు మొదలైతే, తగ్గినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన ముక్క ఉంటే కాగితపు సంచిలో వెంట తీసుకుపోవాలి.

మత్తు దిగిన మరుసటి రోజు నిద్ర, నీళ్లు, తేలికైన భోజనం చాలు. విచారణలు, తిట్లు అప్పుడు వద్దు. రోజులు గడిచినా నిద్ర పట్టకపోవడం, ఎవరూ అనని మాటలు వినిపించడం, అనుమానాలు పోకపోవడం ఉంటే మానసిక వైద్యుని తప్పక కలవాలి. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా గాని బైపోలార్ రుగ్మత గాని ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు. కొద్దిమందికి వస్తువుల వెనుక నీడలు సాగడం, రంగులు మెరవడం వారాల తరబడి ఉంటుంది. అలాంటివారు గంజాయికి పూర్తిగా దూరంగా ఉండాలి.

ఈ పుట్టగొడుగులను మానేస్తే సారాయి మానినప్పటిలా శరీరం వణకదు, అందుకే చికిత్స అవసరం లేదని చాలామంది అనుకుంటారు. అయితే వెంటవెంటనే వాడితే మత్తు ఎక్కడం తగ్గి, మోతాదు పెంచడమో ఇతర మత్తులు కలపడమో జరుగుతుంది. ఎందుకు వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న: పరీక్షల ఒత్తిడా, కుంగుబాటా, ఒంటరితనమా? దానికి చికిత్స జరగాలి. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి వైద్యులే కుంగుబాటుకు సైలోసైబిన్ ఇస్తున్నారని యువకులు వాదిస్తారు. అది నిజమే, కాని అక్కడ అనుమతి పొందిన మానసిక వైద్యులు, ఇతర చికిత్సలకు లొంగని కుంగుబాటు ఉన్నవారికే, కొలిచిన మోతాదులో, పర్యవేక్షణలో ఇస్తారు. గదిలో కుర్రవాళ్లు పంచుకునే ముక్కకు దానితో పోలిక లేదు.

కేసు భయంతో చికిత్స ఆపవద్దు. మన దేశంలో సైలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, అయితే వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే, వాడకం, స్వల్ప పరిమాణాల కేసుల్లో విచారణ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ అందులోనే ఉంది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ 14416 ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రానికి గాని, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గాని వెళ్లవచ్చు. మొదటిసారి వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు, ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో, ఎన్నిసార్లు తిన్నారో ఒక కాగితంపై రాసుకుని, పిల్లవాడి చేతే ఇప్పించండి.