సందు చుక్కల ముగ్గు పైథాన్‌లో వేయాలంటే

ధనుర్మాసంలో నెల్లూరు మూలాపేట వాకిళ్లలో సందు చుక్కల ముగ్గు పెట్టేవారికి కొలబద్ద అక్కర్లేదు, చెయ్యే కొలుచుకుంటుంది. కంప్యూటర్‌కైతే ప్రతి చుక్క స్థానమూ లెక్కగట్టి చెప్పాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే, ఆదేశాలిస్తే గీతలు గీసే టర్టిల్ మాడ్యూల్ ఇందుకు చాలు. ఫైలుకు మాత్రం టర్టిల్ అనే పేరు పెట్టకండి. పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలి మీ ఫైలునే తెరుస్తుంది.

నడి వరుసలో 7 చుక్కలు, పైకీ కిందికీ సందు చుక్క (ముందు వరుస చుక్కల మధ్య సందులో పెట్టేది) 4 వచ్చేవరకు: మొత్తం 37. చుక్కల మధ్య 40 పిక్సెళ్లు. వరుసల లూప్ -3 నుంచి 3 దాకా తిరగాలి కాబట్టి రేంజ్‌లో చివర 4 ఇవ్వండి (చివరి సంఖ్యను అది లెక్కలోకి తీసుకోదు). 3 ఇస్తే పై వరుస ఎగిరిపోతుంది. 7లోంచి వరుస సంఖ్యను (మైనస్ గుర్తు వదిలేసి) తీసేస్తే ఆ వరుసలోని చుక్కల లెక్క వస్తుంది. అందులో ఒకటి తగ్గించి -20తో గుణిస్తే మొదటి చుక్క ఎక్స్ విలువ. వై విలువ, వరుస సంఖ్యను 34.64తో గుణిస్తే వచ్చేది.

ఎక్కువమంది తడబడేది ఈ 34.64 దగ్గరే. వరుసల మధ్య కూడా 40 పెడితే ఏటవాలు చుక్కలు 44.7 దూరానికి జరుగుతాయి, రేకు కొస చుక్కను అందుకోదు. పక్కపక్క మూడు చుక్కలూ సమబాహు త్రిభుజం కావాలి. దాని ఎత్తు భుజానికి 0.866 రెట్లు.

ఇక పువ్వు. పెన్ అప్ చేసి చుక్క మీదికి వెళ్లి, పెన్ డౌన్ చేసి, సెట్ హెడింగ్ -30 ఇవ్వండి. సర్కిల్ 40, 60, లెఫ్ట్ 120, మళ్లీ సర్కిల్ 40, 60, లెఫ్ట్ 120. ఒక రేకు అయింది. లెఫ్ట్ 60 తిరిగి ఇదే ఆరుసార్లు చేయాలి. వ్యాసార్ధం 40 ఉన్న వృత్తంలో 60 డిగ్రీల చాపానికి జ్యా (రెండు కొసల మధ్య తిన్నని దూరం) కూడా సరిగ్గా 40, అందుకే రేకు పక్క చుక్కనే ముట్టుకుంటుంది. -30 మరిచిపోతే కొసలన్నీ చుక్కల సందుల్లోకి పోతాయి.

అంచు చుక్కల మీద పువ్వు వేయకండి, రేకులు బయటికి వేలాడతాయి. లోపలి 19 చుక్కలన్నిటి మీదా వేస్తే అల్లిక వస్తుంది. ఏడింటి మీదే వేస్తే (నడి వరుసలో 2, 4, 6, దానికి పైనా కిందా రెండో వరుసల్లో 2, 4) పువ్వులు కొసలతో మాత్రమే తగులుకుంటాయి. ముగ్గు అందం ఇందులోనే ఎక్కువ.

గీత నెమ్మదిగా ఉంటే ట్రేసర్ 0 పెట్టండి, గీస్తుండగా చూపించడం ఆగుతుంది. అప్పుడు బొమ్మ తెర మీదికి రావడానికి చివర అప్‌డేట్ తప్పనిసరి. ప్రోగ్రామ్ ఆఖరి లైనులో డన్ లేకపోతే బొమ్మ కనబడీ కనబడకముందే కిటికీ మూసుకుపోవచ్చు.

ఇదే ముగ్గు నేల మీద వేయాలంటే చుక్కకూ చుక్కకూ 4 అంగుళాలు, వరుసకూ వరుసకూ దాదాపు మూడున్నర.