వానల్లో రాపూరు ఘాటుకు సైకిల్ మీద వెళ్తున్నారా?

అక్టోబరులో ఎండ కాస్త తగ్గగానే నెల్లూరులో సైకిల్ తొక్కేవాళ్ల కళ్లు రాపూరు–చిట్వేలి ఘాటు మీద పడతాయి. మనకు అసలు వానలు మొదలయ్యేదీ అప్పుడే. కొత్తగా వెళ్లేవాళ్లు ఎక్కగలమా లేదా అని టెన్షన్ పడతారు. ఎక్కలేకపోతే దిగి నడవొచ్చు, నామోషీ ఏమీ లేదు. దిగేటప్పుడు బ్రేకు పడకపోతేనే ప్రాణం మీదికొస్తుంది.

మైపాడు రోడ్డులో ఎంత తొక్కినా మనకు దిగుడు అలవాటు కాదు, అంతా చదునే కదా. అందుకని ముందు నరసింహకొండ రోడ్డు నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. తడి రోడ్డు మీద మీ సైకిల్ ఎంత దూరంలో ఆగుతుందో అక్కడే తెలుసుకోవాలి.

బయల్దేరే ముందు రోజు బ్రేకులు దగ్గరగా చూడండి. రబ్బరు మీద గాళ్లు ఉంటాయి. అవి అరిగి నున్నగా అయితే మార్చేయాల్సిందే, ఈ ఒక్కసారికి పర్లేదులే అనుకోవద్దు. గాళ్లలో ఇసుక రేణువులు ఇరుక్కుంటే పిన్నీసుతో తీసేయండి, లేకపోతే రిమ్మును గీరేస్తాయి. లీవరు దగ్గర కేబుల్ ఒక్క పోగు తెగినా కొత్తది వేయించండి. డిస్క్ బ్రేకులైతే, చైన్‌కు వేసే ఆయిల్ చుక్క కూడా డిస్కు మీద పడకూడదు.

ఘాటు దిగేటప్పుడు పైనుంచి కిందిదాకా బ్రేకు పట్టుకునే ఉండొద్దు. రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదముంది. పట్టండి, వదలండి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపు రాకముందే వేగం తగ్గించాలి. ఆపే బలం ముందు బ్రేకుకే ఎక్కువ, కానీ తడి మలుపులో దాన్ని గట్టిగా నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. వానలో రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోయాకే రబ్బరు పట్టుకుంటుంది, కాబట్టి కాస్త ముందుగానే నొక్కడం మొదలుపెట్టండి. మలుపుల దగ్గర వాన కొట్టుకొచ్చిన ఇసుక, కుళ్లిన ఆకులు పేరుకుని ఉంటాయి. రోడ్డు మీది తెల్లగీత కూడా తడిస్తే జారుతుంది. ఎదురుగా వచ్చే లారీలు మలుపు తిరగడానికి మన వైపుకూ వచ్చేస్తాయి. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే పెట్టి రండి, హారన్ వినపడాలి.

తిండి సంగతి తేలికే. లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. పొదలకూరు మీదుగా వెళ్తారు కాబట్టి నిమ్మకాయలకు కొదవ లేదు, ఒకటి పిండుకోండి. అరటిపండ్లు మాత్రం ఘాటు మొదలవ్వకముందే తినేయండి, కోతుల ముందు సంచి విప్పితే పీక్కుపోతాయి.

ఇక్కడి కొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. బాగా తెల్లారాక ఎక్కండి, పొద్దుగూకకముందే కిందికి వచ్చేయండి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే ఆ వారం రైడ్ మానుకోండి, కొండ ఎక్కడికీ పోదు.

అడవిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. ఒంటరిగా వద్దు. దిగేటప్పుడు ఇద్దరి మధ్య బాగా ఎడం ఉంచండి. ఎవరైనా పడితే మెడ కదపకుండా 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే ఒకరు అక్కడే ఉండి ఇంకొకరు కిందికి వెళ్లాలి. పడ్డప్పుడు తలకు దెబ్బ కాచిన హెల్మెట్‌ను, పైకి పగులు కనపడకపోయినా, మళ్లీ వాడకండి.