రూట్ చేశాక ఫోన్ లోగో దగ్గరే ఆగిపోయిందా? ముందు ఇంకేమీ ఫ్లాష్ చేయకండి

విశాఖలో ద్వారకానగర్ సర్వీసు షాపుల వైపు బండి తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకోవడం) చేశాకో, మాజిస్క్ (రూట్ చేసే యాప్) మాడ్యూల్ వేశాకో, కస్టమ్ రోమ్ (కంపెనీది కాని ఆండ్రాయిడ్) ఎక్కించాకో ఫోన్ లోగో దాటి రావట్లేదంటే అది చచ్చిపోయినట్టు కాదు గురూ. స్క్రీన్ మీద ఏదో ఒకటి కనిపిస్తోందంటే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) బతికే ఉంది. అది బతికుంటే ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి కేబుల్ పెట్టుకుని ఇంట్లోనే ఫోన్‌ని లేపొచ్చు. ఫోన్లు నిజంగా పోయేది ఎక్కువగా ఆ తర్వాత అరగంటలో: గాభరా పడి, యూట్యూబ్‌లో ఎవరో వేరే మోడల్‌కి చెప్పింది మన మోడల్‌కి చేసేసి, టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన ఫైళ్లన్నీ వరసపెట్టి ఎక్కించేసి, అప్పటికీ రాకపోతే బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసేసి.

కాబట్టి చివరగా ఏది మార్చారో దాన్ని మాత్రమే వెనక్కి తిప్పండి. డేటా చెరపడం అన్నిటికన్నా ఆఖరు.

ఎక్కడ ఆగింది?

ఇది చూడకుండా ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు. కంపెనీ లోగో కదలకుండా వచ్చి, కొన్ని సెకన్లకే ఆరిపోయి, మళ్లీ అదే లోగో వస్తోందంటే గొడవ బూట్ ఇమేజ్‌లోనో (కెర్నెల్ ఉండే ఫైల్) వీబీమెటాలోనో (మిగతా ఫైళ్లు మారాయో లేదో తనిఖీకి వాడే ఫైల్) ఉంది, అంటే ఆండ్రాయిడ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ సరిగ్గా మొదలే అవ్వలేదు. లోగో దాటి బూట్ యానిమేషన్ దాకా వచ్చి, అదే అలా తిరుగుతూ ఉందంటే కెర్నెల్ బాగానే ఉంది, పైన సిస్టమ్‌లో ఏదో అడ్డం పడింది. మాడ్యూల్ వేశాక ఇలా జరిగితే ఆ మాడ్యూల్‌నే ముందు అనుమానించండి. పవర్ నొక్కగానే నేరుగా ఫాస్ట్‌బూట్ (పీసీ నుంచి ఫైళ్లు ఎక్కించే మోడ్) స్క్రీన్‌కే వెళ్తోందంటే బూట్‌లోడర్‌కి ఆ బూట్ ఇమేజ్ నచ్చలేదు. రికవరీ (రిపేరు, రీసెట్‌ల మెనూ) తెరుచుకుని మీ డేటా పాడై ఉండొచ్చు, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి అంటోందా? వెంటనే ఒప్పుకోకండి. చాలాసార్లు డేటా బాగానే ఉంటుంది, తప్పు బూట్ ఇమేజ్‌దో స్లాట్‌దో (సిస్టమ్ కాపీ ఉండే చోటు, కింద చెబుతాను) అయినా అది అదే మాట చెబుతుంది.

కొత్త రోమ్ వేశాక మొదటి బూట్ మామూలుగానే ఆలస్యం. పది, పదిహేను నిమిషాలు వదిలేసి టీ తాగి రండి. ఇక బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన ఫోన్‌లో వచ్చే నారింజ రంగు హెచ్చరిక అసలు సమస్యే కాదు, అది ప్రతిసారీ వస్తుంది, కొద్ది సెకన్లలో దానంతటదే పోతుంది. భయపడాల్సింది ఎర్ర హెచ్చరికకి, ఫోన్ కరప్ట్ అయింది, బూట్ అవ్వదు అని చెప్పేదానికి.

కేబుల్, పోర్టు, బ్యాటరీ

బోరు కొట్టే విషయమే కానీ సగం ఫాస్ట్‌బూట్ ఎర్రర్లు ఇక్కడే పుడతాయి. మన ఊళ్లో సముద్రం గాలి సంగతి తెలిసిందే కదా, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఉండేవాళ్లయితే ఫోన్ చార్జింగ్ పోర్టులోకి టార్చి వేసి చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చగా పొడిలాంటిది కనిపిస్తే అది తుప్పు. చార్జింగ్ ఎలాగోలా ఎక్కుతుంది కానీ డేటా మధ్యలో తెగిపోతుంది. ఫోన్ ఆఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరాక ప్రయత్నించండి. గుండుసూది మాత్రం పెట్టకండి.

డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు, ఫ్లాషింగ్ (ఫోన్‌లోకి ఫైళ్లు రాయడం) మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ కాపాడుతుంది. హబ్ వద్దు, నేరుగా పోర్టుకే పెట్టండి, అందులోనూ పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఉంటే అదే వాడండి. కొన్ని కొత్త మదర్‌బోర్డుల యూఎస్‌బీ 3 పోర్టుల్లో ఫాస్ట్‌బూట్ కారణం లేకుండా మొరాయిస్తుంది. చాలా ఫోన్లు ఫాస్ట్‌బూట్‌లో ఉన్నప్పుడు సరిగ్గా చార్జ్ అవ్వవు, కాబట్టి మొదలుపెట్టే ముందే ఫోన్ ఆపేసి సగానికి పైగా చార్జ్ ఎక్కించుకోండి. లూప్ తిరిగే ఫోన్ ఆఫ్ అవ్వకపోతే రికవరీలోకో ఫాస్ట్‌బూట్‌లోకో వెళ్లి అక్కడ పవర్ ఆఫ్ ఎంచుకోవాలి.

పీసీలో గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ కొత్తవి దింపుకోండి, వాటిలోనే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ (పీసీ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్స్) రెండూ ఉంటాయి. కింద కమాండ్లు తెలుగులో రాస్తున్నాను కానీ టైప్ చేసేది ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే.

మాడ్యూల్ వేశాక ఆగితే

ఇది అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, అన్నిటికన్నా తేలిగ్గా పోయేది. గాజువాక నుంచి ఒక కుర్రాడు రెడ్‌మీ పట్టుకొచ్చాడు. ఏదో ఫాంట్ మాడ్యూల్ వేశాడట, బూట్ యానిమేషన్ దగ్గర ఆగిపోయింది, షాపులో అడిగితే డేటా మొత్తం పోతుంది అన్నారట. నిజానికి యూఎస్‌బీ డీబగ్గింగ్ (పీసీ కమాండ్లు ఒప్పుకునే సెట్టింగ్) ముందే ఆన్ చేసి ఉంది, అతని ల్యాప్‌టాప్‌కి అనుమతి కూడా ఎప్పుడో ఇచ్చేశాడు. కేబుల్ పెట్టి ఈ ఒక్క లైను కొట్టి, ఫోన్ రీస్టార్ట్ చేస్తే సరిపోయింది:

ఏడీబీ వెయిట్-ఫర్-డివైస్ షెల్ మాజిస్క్ --రిమూవ్-మాడ్యూల్స్

యానిమేషన్ తిరుగుతుండగా ఏడీబీ ఎక్కడో ఒక క్షణం దొరుకుతుంది, అప్పుడు మాజిస్క్ మాడ్యూల్స్ అన్నీ తీసేసి ఫోన్‌ని తనే రీబూట్ చేస్తుంది. ఫొటోలు, వాట్సాప్ చాట్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

డీబగ్గింగ్ ఆన్ చేసి లేకపోతే సేఫ్ మోడ్ ఉంది. చాలా ఫోన్లలో లోగో వెళ్లి యానిమేషన్ మొదలవగానే వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుంటే చాలు. ఫోన్ సేఫ్ మోడ్‌లోకి వస్తే మాజిస్క్ ఆ సంగతి కనిపెట్టి మాడ్యూల్స్ అన్నీ ఆపేస్తుంది. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేసి, మాజిస్క్ యాప్‌లోకి వెళ్లి తప్పు చేసినదాన్ని తీసేయండి. తర్వాత మిగతావి ఒక్కొక్కటిగా ఆన్ చేసుకోండి. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే దొంగ ఎవరో మళ్లీ తెలీదు.

బూట్ ఇమేజ్ తప్పయితే

మాజిస్క్‌తో ప్యాచ్ చేసిన (రూట్ కోసం మార్చిన) ఇమేజ్ ఎక్కించాక లోగో దాటకపోతే ముందు అడగాల్సింది ఒక్కటే: ఆ ఇమేజ్ ఏ బిల్డ్‌ది (సాఫ్ట్‌వేర్ వెర్షన్)? ఫోన్‌లో ఉన్న బిల్డ్ నంబరు, ఇమేజ్ తీసిన రోమ్ బిల్డ్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అవ్వాలి. దాదాపు ఒకటే అంటే కుదరదు. మధ్యలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ తేడా ఉన్నా బూట్ అవ్వకపోవచ్చు, ఒకవేళ అయినా వైఫై రాకపోవచ్చు, టచ్ పని చేయకపోవచ్చు.

రెండో చిక్కు కొత్త ఫోన్లలో. ఆండ్రాయిడ్ 13తోనే మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో మాజిస్క్ ప్యాచ్ చేయాల్సింది బూట్ కాదు, ఇనిట్_బూట్ అనే వేరే ఇమేజ్. ఆండ్రాయిడ్ 12తో వచ్చి తర్వాత 13కి అప్‌డేట్ అయినవాటిలో పాత పద్ధతే. పాత వీడియో చూసి కొత్త ఫోన్‌లో ఇనిట్_బూట్ ఫైల్‌ని బూట్‌లోకి తోసేసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

బాగు చేయడం మాత్రం తేలిక. మీ బిల్డ్ రోమ్ దింపండి. షావోమీ ఫాస్ట్‌బూట్ రోమ్‌లో అయితే ఇమేజెస్ ఫోల్డర్‌లో ఆ ఫైల్ నేరుగా ఉంటుంది. ఓటీఏ (ఫోన్‌కి నేరుగా వచ్చే అప్‌డేట్) జిప్ అయితే పేలోడ్.బిన్ నుంచి పేలోడ్-డంపర్-గో లాంటి టూల్‌తో తీయాలి. తర్వాత ప్యాచ్ చేయని ఆ ఒరిజినల్‌నే వెనక్కి పెట్టండి:

ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్ బూట్.ఐఎంజీ

ఇనిట్_బూట్ ఉన్న ఫోన్ అయితే కమాండ్‌లో రెండుచోట్లా బూట్ బదులు ఆ పేరు. ఫోన్ లేచిందా, రూట్ పోయింది కానీ డేటా ఉంది, ఈసారి సరైన ఇమేజ్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు. కొన్ని ఫోన్లలో ఫాస్ట్‌బూట్ బూట్ అనే కమాండ్ కూడా పని చేస్తుంది, అది ఇమేజ్‌ని రాసేయకుండా ఒక్కసారికి నడిపి చూపిస్తుంది. మీ ఫోన్ దాన్ని ఒప్పుకుంటే ఏ ఇమేజ్‌నైనా ముందు ఇలా పరీక్షించి, ఆ తర్వాతే ఫ్లాష్ చేయండి.

ఒరిజినల్ బూట్ పెట్టినా ఎర్ర హెచ్చరిక పోకపోతే, లేదా కస్టమ్ రికవరీ వేశాక ఇదంతా మొదలైతే, వెరిఫైడ్ బూట్ (మార్చిన ఫైళ్లని ఆపే తనిఖీ) అడ్డుపడుతోంది. మీ బిల్డ్‌లోని వీబీమెటా ఫైల్‌నే తీసుకుని ఇలా:

ఫాస్ట్‌బూట్ --డిజేబుల్-వెరిటీ --డిజేబుల్-వెరిఫికేషన్ ఫ్లాష్ వీబీమెటా వీబీమెటా.ఐఎంజీ

అన్ని ఫోన్లకీ ఇది అక్కర్లేదు, కొన్నిటిలో ఇది చేశాక డేటా ఫార్మాట్ చేయాల్సి కూడా వస్తుంది. అందుకే మొదట్లోనే చేసెయ్యకుండా ఇక్కడ చెబుతున్నాను.

స్లాట్ మార్చే ముందు

ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన ఏ/బీ పద్ధతిలో సిస్టమ్ రెండు కాపీలుగా ఉంటుంది, ఓటీఏ వచ్చినప్పుడు పక్క స్లాట్‌లో కొత్తది కూర్చుంటుంది. ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్-స్లాట్ అని కొడితే ఇప్పుడు ఏది నడుస్తోందో చెబుతుంది. ఓటీఏ తర్వాత ఆగిపోయిన ఫోన్‌ని ఫాస్ట్‌బూట్ సెట్_యాక్టివ్ కమాండ్‌తో పాత స్లాట్‌కి తిప్పితే లేచే అవకాశం ఉంది. కానీ గుడ్డిగా తిప్పకండి. కస్టమ్ రోమ్ ఒకే స్లాట్‌లో వేసి ఉంటే రెండోదాంట్లో పాత ఫర్మ్‌వేరో, అసలేమీ లేకపోవడమో ఉండొచ్చు. పిక్సెల్ 6 సిరీస్‌లో ఇదే జరిగింది: 2022 ఆగస్టులో వచ్చిన ఆండ్రాయిడ్ 13 అప్‌డేట్ బూట్‌లోడర్ యాంటీ-రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌ని రానివ్వని కాపలా) వెర్షన్‌ని పెంచింది, పక్క స్లాట్‌లో పాత బూట్‌లోడర్ అలాగే ఉన్న ఫోన్ ఆ స్లాట్‌కి మారితే ఇక లేవదు. అందుకే రెండు స్లాట్లలోనూ కొత్త బూట్‌లోడర్ వేసుకోమని గూగుల్ చెప్పాల్సి వచ్చింది.

పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం అన్ని ఫోన్లలోనూ ప్రమాదమే. షావోమీలో ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ అని కొట్టి వచ్చిన అంకెని, రోమ్‌లో ఉన్న అంకెతో పోల్చండి. రోమ్‌ది తక్కువైతే దాన్ని ముట్టుకోవద్దు. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో యజమానులు చాలామంది ఈ దెబ్బకే ఫోన్లు రాళ్లు చేసుకున్నారు. సామ్‌సంగ్ కాస్త మర్యాదగా ఫ్లాషింగ్ ఆపేసి రెవిజన్ చెక్ ఫెయిల్ అని చూపిస్తుంది. బిల్డ్ నంబరులో చివరి నుంచి ఐదో అక్షరం చూడండి, అదే ఆ రెవిజన్. ఫోన్‌లో ఉన్నదానికంటే తక్కువది ఎక్కదు.

సామ్‌సంగ్‌కి ఫాస్ట్‌బూట్ లేదు, ఓడిన్ అనే పీసీ టూల్ వాడాలి. ఫోన్ ఆఫ్‌లో ఉండగా రెండు వాల్యూమ్ బటన్లూ నొక్కి పట్టుకుని పీసీకి కేబుల్ పెడితే డౌన్‌లోడ్ మోడ్ వస్తుంది. మీ బిల్డ్ ఫర్మ్‌వేర్‌లో సీఎస్‌సీ, హోమ్_సీఎస్‌సీ అని రెండు ఫైళ్లు ఉంటాయి. హోమ్ ఉన్నది పెడితే డేటా మిగులుతుంది, లేనిది పెడితే మొత్తం పోతుంది. నాక్స్ ఫ్యూజ్ (ఫోన్‌ని మార్చినట్టు గుర్తుంచుకునే సామ్‌సంగ్ సెక్యూరిటీ ఏర్పాటు) ఒకసారి తెగితే మాత్రం స్టాక్‌కి (కంపెనీ ఒరిజినల్ సాఫ్ట్‌వేర్) వచ్చినా అతుక్కోదు, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి మర్చిపోవడమే.

డేటా ఫార్మాట్

ఒక రోమ్ నుంచి ఇంకో రోమ్‌కి మారి, యానిమేషన్ దగ్గర అరగంటైనా కదలకపోతే పాత ఎన్‌క్రిప్షన్‌తో పేచీ వచ్చినట్టే. టీడబ్ల్యూఆర్‌పీ అనే కస్టమ్ రికవరీలో మామూలు వైప్ దీనికి చాలదు, ఫార్మాట్ డేటా నొక్కి, ఇంగ్లీషులో యెస్ అన్న మాట టైప్ చేయాల్సిందే. దాంతో ఇంటర్నల్ స్టోరేజ్ మొత్తం పోతుంది. కాబట్టి అంతకంటే ముందు, రికవరీ మీ లాక్ పిన్ అడిగి ఫైళ్ల పేర్లు సరిగ్గా చూపిస్తుంటే, ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్నీ, ఆండ్రాయిడ్‌లోని మీడియాలో ఉండే వాట్సాప్ ఫోల్డర్నీ ఏడీబీ పుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి లాగేసుకోండి. పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే డీక్రిప్ట్ అవ్వలేదని అర్థం, కాపీ చేసినా ఉపయోగం లేదు. గూగుల్ పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకోండి, స్టాక్‌కి వెళ్లాక పాత అకౌంటే అడగొచ్చు.

లాక్ జోలికి వెళ్లొద్దు

ఫోన్‌పే రావట్లేదనో, బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదనో, ఫోన్ పూర్తిగా స్టాక్‌కి రాకముందే బూట్‌లోడర్ లాక్ చేస్తే మామూలు లూప్ కాస్తా పెద్ద కేసు అవుతుంది. లాక్ అయిన బూట్‌లోడర్ మార్చిన ఇమేజ్‌ని నడపదు, ఫ్లాష్ చేయనివ్వదు కూడా. షావోమీకి వాడే ఎంఐ ఫ్లాష్ టూల్‌లో కింద వరసలో మూడు ఆప్షన్లు ఉంటాయి, క్లీన్ ఆల్ అండ్ లాక్ అనేది ముందే టిక్ పెట్టి వస్తుంది. ఫ్లాష్ నొక్కే ముందు దాన్ని క్లీన్ ఆల్‌కి మార్చండి. చైనా మోడల్ మీద గ్లోబల్ రోమ్ ఉండి ఇది లాక్ అయిందంటే ఫోన్ రికవరీలోనే కూర్చుంటుంది.

ఏమీ వెలగకపోతే

పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి, గంటసేపు ఒరిజినల్ చార్జర్‌కి పెట్టండి. అప్పటికీ చీకటే అయితే పీసీకి కలిపి డివైస్ మేనేజర్ తెరవండి. క్వాల్‌కామ్ 9008 అనో, మీడియాటెక్ ప్రీలోడర్ అనో కనిపిస్తే చిప్ ఇంకా మాట్లాడుతోంది. మీడియాటెక్‌లో ఎస్‌పీ ఫ్లాష్ టూల్ వాడేటట్టయితే డౌన్‌లోడ్ ఓన్లీ మాత్రమే ఎంచుకోండి. ఫార్మాట్ ఆల్ ఉన్నది నొక్కితే ఎన్‌వీర్యామ్ (నెట్‌వర్క్ వివరాలు దాచే చోటు) పోయి ఐఎంఈఐ నంబరు కూడా పోతుంది, తర్వాత ఫోన్ లేచినా సిమ్ పని చేయదు. క్వాల్‌కామ్ షావోమీల్లో చాలావాటికి ఈ 9008 మోడ్‌లో ఫ్లాష్ చేయాలంటే కంపెనీ అనుమతి ఉన్న అకౌంట్ కావాలి, ఇక్కడ మాత్రం షాపు మెట్లెక్కడమే మార్గం.

షాపుకి వెళ్లినప్పుడు అంకుల్, ఊరికే ఆగిపోయింది అని మాత్రం చెప్పకండి. మోడల్ కోడ్, ఏ బిల్డ్ ఉండేది, చివరగా ఏ ఫైల్ ఎక్కించారు, డివైస్ మేనేజర్‌లో ఏం కనిపిస్తోంది, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇవ్వండి, డేటా కావాలో అక్కర్లేదో ముందే చెప్పండి. బోర్డు పోయింది, మార్చాలి అని ఫోన్ పీసీకి కలపకుండానే తేల్చేస్తే పక్క షాపుకి నడవండి.